సముద్రం మందులిచ్చింది సరే, ఆ పీత రక్తం ఇంకా ఎందుకు?

సెలైన్ పెట్టిన అరగంటకి చలి, వణుకు, ఆ వెంటనే ఒళ్ళు కాలిపోయే జ్వరం. "సెలైన్ పడలేదు" అని బాటిల్ తీసేసి దుప్పటి కప్పేవాళ్ళు. మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళని కదిలిస్తే ఇలాంటిది ఒకటైనా చెప్తారు. ప్రతిసారీ కారణం అదే అని కాదు గానీ ఆ వణుకు వెనకుండే ముఖ్యమైన కారణాల్లో ఒకదాని పేరు ఎండోటాక్సిన్, నా ఉద్యోగమంతా దాని చుట్టూనే. హైదరాబాద్ శివార్లలో ఇంజెక్షన్లు తయారుచేసే ఒక ప్లాంట్‌లో మైక్రోబయాలజీ క్యూసీలో, అంటే నాణ్యత పరీక్షల విభాగంలో పనిచేస్తాను. సముద్రం నుంచి వచ్చే మందుల గురించి ఎవరన్నా మాట్లాడితే నాకు ముందు గుర్తొచ్చేది మందు కాదు, మా ల్యాబ్ ఫ్రిజ్‌లో ఉండే చిన్న లైసేట్ వయల్, అంటే ఎండోటాక్సిన్ టెస్ట్ కోసం పీతలాంటి ఒక సముద్రజీవి రక్తకణాల నుంచి చేసిన పొడి ఉండే సీసా. దాని గురించి ఎప్పట్నుంచో రాయాలని ఉంది.

ముందు ఎండోటాక్సిన్ అంటే ఏంటో చెప్తాను, ఎందుకంటే ఇది తెలియకపోతే మిగతాదేదీ అర్థం కాదు. ఇ.కోలై లాంటి గ్రామ్ నెగెటివ్ బ్యాక్టీరియా బయటి పొరలో ఉండే పదార్థం ఇది. బ్యాక్టీరియాని చంపేస్తే సరిపోతుంది కదా అనుకుంటారు చాలామంది, కానీ అది చచ్చి ముక్కలైనప్పుడే ఇది ఇంకా ఎక్కువ బయటికొస్తుంది. ప్రెషర్ కుక్కర్ లాంటి ఆటోక్లేవ్‌లో 121 డిగ్రీల దగ్గర ఉడికించినా దీనికేం కాదు, బ్యాక్టీరియాని ఆపే 0.22 మైక్రాన్ ఫిల్టర్‌లోంచి కూడా హాయిగా దాటిపోతుంది. గాజు సామాను మీద ఉన్నదాన్ని పోగొట్టాలంటే 250 డిగ్రీల పొడి వేడిలో 30 నిమిషాలు పెట్టాలి. అంటే ఒక ఇంజెక్షన్ పూర్తిగా స్టెరైల్ అయ్యుండి కూడా మనిషికి ప్రాణం మీదకి తేగలదు. లిమిట్ ఎంతో తెలుసా, గంటకి కేజీ బరువుకి 5 ఎండోటాక్సిన్ యూనిట్లు, 60 కేజీల మనిషికి 300 యూనిట్లు. సుమారు 10 యూనిట్లు అంటే ఒక నానోగ్రామ్, గ్రాములో 100 కోట్లవ వంతు. అంటే మొత్తం 30 నానోగ్రాములు దాటకూడదన్నమాట. వెన్నుపాము చుట్టూ ఉండే ద్రవంలోకి ఇచ్చే ఇంజెక్షన్ అయితే ఇంకా గట్టి లిమిట్, కేజీకి 0.2 యూనిట్లే.

ఇంత తక్కువని పట్టుకోవడానికి ప్రపంచమంతా వాడే రియేజెంట్ హార్స్‌షూ క్రాబ్ రక్తకణాల నుంచి వస్తుంది. మన పేపర్లలో గుర్రపునాడా పీత అని రాస్తుంటారు. నిజానికి అది పీత కాదు, సాలీళ్ళకి తేళ్ళకి దగ్గరి చుట్టం, 44 కోట్ల ఏళ్ళకి పైగా పాతవైన దాని జాతి శిలాజాలు దొరికాయి. డైనోసార్లు రాకముందే ఉంది, అవి పోయాక కూడా ఉంది.

టెస్ట్ ఎలా ఉంటుందో చెప్తా. ఇప్పుడు చాలాచోట్ల ఫలితాన్ని మెషీనే చదివే ప్లేట్ రీడర్లు వచ్చేశాయి గానీ నాకు ఇష్టమైనది పాత జెల్ క్లాట్ పద్ధతే, కంటికి కనిపిస్తుంది కాబట్టి. లైసేట్ వయల్‌లో అడుగున తెల్లగా ఎండిన పొడి ఉంటుంది, ఎండోటాక్సిన్ లేని నీళ్ళు పోసి మెల్లగా తిప్పాలి, గట్టిగా ఊపకూడదు. అదే ఎండోటాక్సిన్ స్టాండర్డ్ వయల్ అయితే పూర్తిగా ఉల్టా, అది గాజుకి అతుక్కుపోతుంది కాబట్టి వోర్టెక్స్ అనే గిరగిరా ఊపే మెషీన్ మీద చాలాసేపు పెట్టి వదిలించాలి. కొత్తగా చేరినవాళ్ళు ఈ రెండూ తారుమారు చేస్తుంటారు. చిన్న గాజు ట్యూబ్‌లో 0.1 ఎంఎల్ శాంపిల్, 0.1 ఎంఎల్ లైసేట్, 37 డిగ్రీల హీటింగ్ బ్లాక్‌లో 60 నిమిషాలు, అటూఇటూగా 2 నిమిషాలు అంతే. ఆ గంటలో ఆ టేబుల్‌ని ఎవరూ తాకకూడదు. తర్వాత ఒక్కో ట్యూబ్ తీసి ఒకే ఊపులో తలకిందులు చెయ్యాలి. ఎండోటాక్సిన్ ఉంటే లోపలున్నది పెరుగు తోడుకున్నట్టు గట్టిపడి పైనే అతుక్కుని ఉంటుంది, కదలదు. లేకపోతే నీళ్ళలా గోడ వెంట జారిపోతుంది. తీసేటప్పుడు చెయ్యి వణికి జెల్ విరిగిందంటే అది మళ్ళీ అతుక్కోదు, పాజిటివ్ శాంపిల్ కూడా నెగెటివ్‌లా కనిపిస్తుంది, అంటే పారెయ్యాల్సిన బ్యాచ్ మార్కెట్‌లోకి వెళ్ళిపోవచ్చు. అందుకే ఆ ఒక్క నిమిషం ల్యాబ్‌లో ఎవరూ ఎవర్నీ పలకరించరు.

వాట్సాప్‌లో తిరిగే ఫార్వర్డ్ ఒకటుంటుంది చూడండి, నీలం రక్తం, లీటరు లక్షల రూపాయలు, వరసగా పడుకోబెట్టిన పీతల ఫోటో. ఫోటో నిజమే, రక్తం నీలమూ నిజమే, మనకి ఇనుముండే హిమోగ్లోబిన్ ఉన్నట్టు దానికి రాగి ఉండే హిమోసయనిన్ ఉంటుంది. కానీ టెస్ట్‌కి ఆ నీలం రంగుతో పనే లేదు. పనికొచ్చేది రక్తంలో ఉండే అమీబోసైట్లనే కణాలు. రక్తాన్ని సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి కణాలు అడుగుకి చేర్చి, నీలం ద్రవం పక్కకి తీసేసి, కణాలని శుభ్రమైన నీళ్ళలో పగలగొడతారు. అలా పగలగొట్టగా వచ్చినదే లైసేట్. ఆ జీవికి మనలా యాంటీబాడీలు ఉండవు, సముద్రం అడుగున బురదలో బతుకుతుంది, చుట్టూ ఉన్నదంతా బ్యాక్టీరియానే. ఒంటికి చిన్న గాయమైతే ఈ కణాలు ఎండోటాక్సిన్‌ని పసిగట్టి అక్కడికక్కడే గడ్డకట్టి గాయాన్ని మూసేస్తాయి, బ్యాక్టీరియా ఆ జెల్‌లో ఇరుక్కుపోతుంది. మన ట్యూబ్‌లో జరిగేది కూడా అదే. దాని ప్రాణరక్షణని మనం టెస్ట్‌గా వాడుకుంటున్నాం.

కనిపెట్టిన కథ కూడా బాగుంటుంది. 1950ల్లో అమెరికాలో వుడ్స్ హోల్ అనే చోట ఫ్రెడరిక్ బ్యాంగ్ సముద్రపు బ్యాక్టీరియాని హార్స్‌షూ క్రాబ్‌లకి ఎక్కించి చూశాడు, కొన్నింటికి ఒంట్లో రక్తం మొత్తం గడ్డకట్టేసింది. బ్యాక్టీరియాని కాచి చంపి ఎక్కించినా అంతే. 1956లో పేపర్ వేశాడు. తర్వాత జాక్ లెవిన్ అనే రక్తవ్యాధుల డాక్టర్ ఆయనతో కలిశాడు, 1960ల్లో ఇద్దరూ కలిసి ఇదంతా ఎండోటాక్సిన్ పనే అని తేల్చి, టెస్ట్ ట్యూబ్‌లో చేసేలా మార్చారు. 1977లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దీనికి దారి తెరిచింది. అప్పటిదాకా వాడింది కుందేళ్ళని. మూడు కుందేళ్ళ చెవి నరంలోకి మందు ఎక్కించి, మూడు గంటలు వాటిని కదలకుండా పెట్టి, జ్వరం వస్తుందా లేదా అని టెంపరేచర్ చూస్తూ కూర్చోవడం. కాబట్టి హార్స్‌షూ క్రాబ్ టెస్ట్ వచ్చిందే జంతువులని కాపాడే మెరుగైన పద్ధతిగా. ఇది మర్చిపోయి అప్పటివాళ్ళని ఇప్పుడు తిట్టడం న్యాయం కాదు, కోట్ల కుందేళ్ళు బతికిపోయాయని చెప్పలేను గానీ లెక్కలేనన్ని బతికాయి.

ఇక నేను అసలు చెప్పాలనుకున్న సంగతి. సముద్రం నుంచి వచ్చిన మిగతా మందుల కథలు ఒకసారి చూడండి.

లుకేమియాకి ఇచ్చే సైటరబిన్ ఉంది, ఇప్పటికీ బ్లడ్ క్యాన్సర్ వార్డుల్లో రోజూ వాడతారు. దాని ఆలోచన వచ్చింది ఒక స్పాంజి నుంచి, 1945లో ఫ్లోరిడా తీరంలో వెర్నర్ బెర్గ్‌మన్ సేకరించిన స్పాంజిలో వింత న్యూక్లియోసైడ్లు (డీఎన్ఏని కట్టే ముక్కల్లాంటివి) దొరికాయి, వాటి నమూనా చూసి కెమిస్టులు కొత్త అణువులు కట్టారు, 1969లో మందుకి అనుమతొచ్చింది. ఆ మందు కోసం ఎవరూ స్పాంజి కొయ్యట్లేదు, అంతా ఫ్యాక్టరీలోనే. ట్రాబెక్టెడిన్ అని ఇంకోటి, సీ స్క్విర్ట్ అనే మెత్తటి సముద్రజీవి నుంచి, గ్రాము మందు కావాలంటే టన్ను జీవులు కావాల్సొచ్చేది. స్పెయిన్‌లో ఫార్మామార్ కంపెనీ వాళ్ళు ఆ దారి వదిలేసి, ఒక బ్యాక్టీరియాని పెంచి అది ఇచ్చే పదార్థం నుంచి మందు తయారుచేసే దారి పట్టుకున్నారు. జపాన్ స్పాంజిలో 1986లో దొరికిన హాలికాండ్రిన్ అయితే మరీ విచిత్రం, అంత పెద్ద అణువుని హార్వర్డ్‌లో యోషితో కిషి టీమ్ 1992లో పూర్తిగా ల్యాబ్‌లో కట్టేసింది, కట్టాక తెలిసిందేంటంటే మొత్తం అణువు అక్కర్లేదు, పనిచేసేది అందులో సగమే అని. ఆ సగాన్ని కొద్దిగా మార్చి ఐసాయ్ కంపెనీ ఎరిబులిన్ చేసింది, 2010లో ముదిరిన బ్రెస్ట్ క్యాన్సర్‌కి ఎఫ్‌డీఏ అనుమతొచ్చింది. స్పాంజి ముక్క కూడా లేకుండా అరవైకి పైగా స్టెప్పుల సింథసిస్. మా ప్లాంట్ కెమిస్టులతో ఈ మాటంటే నోరెళ్ళబెడతారు.

చేపల్ని విషంతో పొడిచి తినే కోన్ నత్త ఇంకోటి. ఫిలిప్పీన్స్‌కి చెందిన బాల్డొమెరో ఒలివెరా అమెరికాలో యూటా యూనివర్సిటీలో దాని విషం మీద ఏళ్ళ తరబడి పనిచేశాడు. దాన్నుంచి వచ్చిన జికోనోటైడ్ ఏ మార్ఫిన్‌కీ లొంగని నొప్పికి 2004లో అనుమతి పొందింది. 25 అమైనో ఆసిడ్ల చిన్న పెప్టైడ్, నత్త లేకుండా కెమికల్‌గానే కడతారు. ఇది ఇచ్చేది వెన్నుపాము చుట్టూ ఉండే ద్రవంలోకే. పైన చెప్పాను కదా, ఎండోటాక్సిన్ లిమిట్ అన్నిటికంటే గట్టిగా ఉండేది అక్కడే అని. అంటే నత్తని వదిలేసి తయారుచేసిన మందు కూడా చివరికి రిలీజ్ అవ్వాలంటే మామూలుగా హార్స్‌షూ క్రాబ్ రక్తంతో చేసే టెస్ట్ దాటాల్సిందే.

గమనించారా, అన్నిచోట్లా సముద్రం దారి చూపించింది, మనం ఆ అణువు నేర్చుకున్నాం, జీవిని వదిలేశాం. ఈ ఒక్క టెస్ట్ దగ్గర మాత్రం ఇప్పటికీ అడవిలో పట్టినట్టు సముద్రంలో పట్టుకొచ్చి, గుండె దగ్గర సూది గుచ్చి, దాదాపు 30 శాతం రక్తం తీసి మళ్ళీ నీళ్ళలో వదులుతున్నాం. ఒక్క అమెరికా తూర్పు తీరంలోనే ఏటా లక్షల్లో పడతారు. వదిలిన వాటిలో ఎన్ని చస్తాయంటే అక్కడి మత్స్య కమిషన్ లెక్కకి వాడేది 15 శాతం, కొన్ని స్టడీల్లో 30 శాతం దాకా వచ్చింది. ఆడవి గుడ్లు పెట్టే వయసుకి రావడానికే పదేళ్ళ దరిదాపు పడుతుంది, అంటే ఇవాళ్టి నష్టం పదేళ్ళ తర్వాత గానీ తీరంలో కనిపించదు, కనిపించాక సరిదిద్దడానికి ఇంకో పదేళ్ళు. డెలావేర్ బే అనే చోట ఎర్ర పొట్టతో ఉండే రెడ్ నాట్ పిట్టలు, దక్షిణ అమెరికా కొస నుంచి ఆర్కిటిక్ దాకా ఎగిరేవి, మధ్యలో దిగి ఈ గుడ్లు తిని బరువు దాదాపు రెట్టింపు చేసుకుని వెళ్తాయి. గుడ్లు తగ్గితే పిట్టలు తగ్గాయి, 2014లో అమెరికా ప్రభుత్వం వాటిని ముప్పులో ఉన్న పక్షిగా ప్రకటించింది. ఇక్కడ న్యాయంగా ఒక మాట చెప్పాలి, 1990ల్లో ఆ జీవుల్ని ఎక్కువగా పొట్టనపెట్టుకుంది మందుల కంపెనీలు కాదు, ఈల్ చేపలకి ఎరగా కోసి వాడినవాళ్ళు. కానీ ఎర మీద ఆంక్షలొచ్చాక రక్తం వాటా ఎంతన్నది ఇంకా పెద్ద ప్రశ్న అవుతోంది. ఆసియాలో చైనా, జపాన్ వైపు ఉండే పెద్ద జాతిని 2019లో ఎండేంజర్డ్ జాబితాలో పెట్టారు.

మన దగ్గర కూడా ఉన్నాయి. ప్రపంచంలో ఉన్న నాలుగు జాతుల్లో రెండు మన తూర్పు తీరంలో, ఒడిశా, బెంగాల్ వైపు. హౌరా ట్రైన్‌లో బాలాసోర్ దాటినవాళ్ళకి తెలియకపోవచ్చు, అక్కడి చాందీపూర్ ఒడ్డున పౌర్ణమి ఆటుపోట్లకి ఇవి జతలుగా ఇసకలోకి వస్తాయి. గోవాలోని సముద్ర పరిశోధన సంస్థ ఎన్ఐఓ శాస్త్రవేత్తలు ఆ తీరంలో వీటి మీద చాలా పని చేశారు. వైల్డ్‌లైఫ్ చట్టం కింద రక్షణ ఉంది, పట్టడం నేరం. అయినా చేపల వలల్లో చిక్కుకుని, వదిలే ఓపిక లేక ఒడ్డున పడేస్తే ఎండకి చచ్చిపోతుంటాయి.

ఇప్పుడు మంచి వార్త. ఆ రక్తంలో ఎండోటాక్సిన్‌ని మొదట పట్టుకునే ప్రొటీన్ పేరు ఫ్యాక్టర్ సి. అది కదిలితే దాని వెనక ఇంకో ఎంజైమ్, దాని వెనక ఇంకోటి, చివర్లో జెల్. 1990ల్లో సింగపూర్ నేషనల్ యూనివర్సిటీలో డింగ్ జీక్ లింగ్, హో బో దంపతులు ఆ ఫ్యాక్టర్ సి జీన్‌ని బయటికి తీసి, ల్యాబ్‌లో పెంచే కణాల్లో తయారయ్యేలా చేశారు. దాన్ని రీకాంబినెంట్ ఫ్యాక్టర్ సి అంటారు. 2003 నుంచే మార్కెట్‌లో కిట్ ఉంది. ఇంకో లాభం ఏంటంటే మామూలు లైసేట్‌లో ఫ్యాక్టర్ జి అని ఇంకోటుంటుంది, అది సెల్యులోజ్ ఫిల్టర్ల నుంచి వచ్చే బీటా గ్లూకాన్ అనే పదార్థానికి కూడా రియాక్ట్ అవుతుంది, అలాంటి ఫిల్టర్ వాడిన ప్రొడక్ట్ తప్పుగా పాజిటివ్ చూపించొచ్చు. దాని వెనక ఇన్వెస్టిగేషన్, డీవియేషన్, రాత్రుళ్ళు రిపోర్టులు, క్యూసీలో పనిచేసిన ప్రతివాళ్ళకీ ఈ బాధ తెలుసు. రీకాంబినెంట్‌లో ఆ తలనొప్పే ఉండదు, ఫ్యాక్టర్ జి లేదు కాబట్టి.

మరి ఎందుకు మారట్లేదు? చాలాకాలం ఫార్మకోపియా (మందుల ప్రమాణాల అధికారిక పుస్తకం) వాళ్ళు దీన్ని ప్రత్యామ్నాయ పద్ధతిగానే చూశారు, అంటే వాడాలంటే లైసేట్‌తో సమానమని కంపెనీయే మొత్తం వ్యాలిడేట్ చేసి చూపించాలి. ఎలీ లిల్లీ ఆ కష్టం పడింది, వాళ్ళ మైగ్రేన్ ఇంజెక్షన్ ఎమ్గాలిటీ 2018లో ఈ టెస్ట్‌తోనే ఎఫ్‌డీఏ అనుమతి పొందింది. యూరప్ ఫార్మకోపియా 2021 జనవరి నుంచి రీకాంబినెంట్‌కి సొంత చాప్టర్ ఇచ్చింది. అమెరికా ఫార్మకోపియా యూఎస్పీ ఆలస్యం చేసి చేసి చివరికి 86వ చాప్టర్ తెచ్చింది, 2025 మే నుంచి అమల్లో ఉంది. ఇప్పుడిక "గైడ్‌లైన్ లేదు" అనే సాకు చెల్లదు.

అయినా మీటింగ్‌లో ఈ మాట ఎత్తితే వచ్చే జవాబు ఒకటే, "నడుస్తున్నదాన్ని ఎందుకు కదిలిస్తారమ్మా, ఆడిటర్ వచ్చి అడిగితే ఎవరు చెప్తారు?" ఆ భయం నాకు అర్థమవుతుంది, ఫైల్ అయిన ప్రొడక్ట్‌కి టెస్ట్ మారిస్తే ప్రతి దేశానికీ మళ్ళీ వేరియేషన్, అంటే మార్పు కోసం దరఖాస్తు వెయ్యాలి, అది చిన్న పనేం కాదు. ఫ్లోరెసెన్స్ రీడర్ కొనాలి, మనుషులకి ట్రైనింగ్ ఇవ్వాలి. కానీ ఇప్పుడు ఫ్యాక్టర్ సి ఒక్కటే కాకుండా ఆ ఎంజైమ్‌ల వరస మొత్తాన్నీ రీకాంబినెంట్‌గా చేసిన కిట్లు కూడా వచ్చాయి, అవి రంగు మారే పద్ధతివి, ఉన్న ప్లేట్ రీడర్లోనే చదవొచ్చు. అంటే మెషీన్ ఖర్చు అనే అడ్డం కూడా సగం పోయింది.

నా అభిప్రాయం ఏంటంటే ప్రొడక్ట్స్ జోలికి ఇప్పుడే వెళ్ళక్కర్లేదు, నీళ్ళతో మొదలుపెట్టాలి. ఇంజెక్షన్ ప్లాంట్‌లో ఎండోటాక్సిన్ టెస్టుల్లో పెద్ద భాగం మందులకి కాదు, ఇంజెక్షన్ల తయారీకి వాడే శుద్ధమైన నీళ్ళకే, వాటర్ ఫర్ ఇంజెక్షన్ అంటారు. ఆ నీళ్ళు తిరిగే పైపుల లూప్ మీద ఉన్న పాయింట్లన్నీ, మళ్ళీ మళ్ళీ, సెలవు రోజు కూడా. లిమిట్ ఎంఎల్‌కి 0.25 యూనిట్లు. నీళ్ళలో ఇంటర్‌ఫియరెన్స్ ఉండదు, మందుల్లోలా పీహెచ్ గొడవ, టెస్ట్‌ని మందే అణిచేసే ఇన్హిబిషన్ గొడవ ఉండవు, డ్రగ్ ఫైలింగ్‌తో ఉండే చిక్కు కూడా బాగా తక్కువ. పాత టెస్ట్, కొత్త టెస్ట్ కొన్ని నెలలు పక్కపక్కన నడిపి డేటా చూపించి మారిపోవచ్చు. ఒక్క నీళ్ళు మారిస్తేనే మనం కొనే లైసేట్ చాలావరకు తగ్గిపోతుంది. తర్వాత కొత్తగా ఫైల్ చేసే ప్రొడక్ట్స్‌కి మొదట్నుంచే రీకాంబినెంట్ రాసుకోవాలి, పాతవి పాత పద్ధతిలోనే మెల్లగా ముగిసిపోతాయి. జీనోమ్ వ్యాలీ నుంచి పాశమైలారం దాకా, అటు వైజాగ్ పరవాడ దాకా మన దగ్గర ఎన్ని ప్లాంట్లున్నాయో లెక్కేసుకోండి, అవన్నీ నీళ్ళు టెస్ట్ చేస్తూనే ఉంటాయి కదా.

మా దగ్గర నీళ్ళ మీద పక్కపక్క ట్రయల్‌కి ప్రోటోకాల్ రాస్తున్నాను, ఇంకా అప్రూవల్ కాలేదు. నాకు కావాల్సింది ముఖ్యంగా లిమిట్‌కి బాగా కింద, 0.005 యూనిట్ల దగ్గర రికవరీ (మనం కలిపిన ఎండోటాక్సిన్‌లో ఎంత తిరిగి కనిపిస్తోంది) ఎలా వస్తోందనేది, ప్లేట్ అంచు వెల్స్‌లో (గుంటల్లో) తేడా ఏమన్నా వస్తోందా అనేది. ఇక్కడి ఇంజెక్షన్ ప్లాంట్లలో ఎవరన్నా వాటర్‌కి రీకాంబినెంట్ పెట్టుంటే కంపెనీ పేరు చెప్పక్కర్లేదు, అంకెలు చెప్పండి చాలు, ఆడిట్‌లో ఏం అడిగారో అది కూడా.